అడ్డం 14 మీద తగువు: ఒక్క ప్రాంతంలోనే పలికే మాట గడిలో జవాబు కావచ్చా?

బరంపురం అరుగు:
ఈ ఆదివారం గడి, అంటే గళ్ళలో మాటలు నింపే పజిల్, కూర్చినది రాయగడ మాస్టారు. ఆధారాలు చాలావరకు బాగున్నాయి, రెండుచోట్ల పైకే నవ్వాను. అడ్డం 14 దగ్గర మాత్రం నాకు న్యాయం జరగాలి. ఆధారం ఇది: ‘సగం చోటిచ్చారు, డకు గుడి కట్టారు, అంబలి కాచుకోండి (2)’. రెండో గడిలో ‘డి’ నిలువు మాట నుంచి ముందే వచ్చి కూర్చుంది. మొదటి గడిని ఏ నిలువు మాటా తాకదు. అంబలి కాచుకోవడానికి ‘డి’తో ముగిసే రెండక్షరాల వస్తువు ఏమిటి? పిండి. రాసేసి టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. తీరా జవాబు చూస్తే ‘చోడి’!

నేను పుట్టి పెరిగింది గుంటూరు. పెళ్ళయి బరంపురం వచ్చి ఇరవై రెండేళ్ళు. చోడి అంటే రాగులట. రాగులు తెలుసు. ఇరుగుపొరుగు ఒడియావాళ్ళు వాటిని మాండియా అంటారనీ తెలుసు. చోడి అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. కొన్ని జిల్లాలవాళ్ళకే తెలిసిన మాటను అందరూ నింపే గడిలో పెట్టడం న్యాయమేనా? అందరూ చెప్పండి.

రాయగడ రైలుకట్ట:
అమ్మా, పిండి అని రాసేటప్పుడు ‘సగం చోటు’ను ఏం చేశారు? ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి అర్థం చెబుతుంది, రెండోది మాటను కట్టి చూపిస్తుంది. చోటులో సగం ‘చో’. డకు గుడి పెడితే ‘డి’. మాట తెలియకపోయినా ఇటుక మీద ఇటుక పెట్టుకుని చేరుకోవచ్చు. అర్థం ఒక్కటీ చూసి నింపేట్టయితే మామూలు గడి చాలు, ఇంత తంటా ఎందుకు?

ఇక మాట సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, ఇటు రాయగడ, గుణుపురం, ఎక్కడైనా తెలుగు ఇంట్లో అడగండి. చోడి అంబలి తాగి పెరిగినవాణ్ణి, నా గడిలో చోడి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకున్నాను.

బరంపురం అరుగు:
సగం చోటు అంటే అరసున్న అనుకున్నాను. చోటంటే ఖాళీ, ఖాళీ అంటే సున్న, అందులో సగం అరసున్న. నవ్వకండి. మాస్టారి పాత గడుల్లో ఇంతకంటే దూరపు చుట్టరికాలు కలిపారు.

జయపురం జామచెట్టు:
అరసున్నను నిండు సున్న చేసి పిండిలో కలిపేసిన మీ చేతికి దండం. మరి ‘పి’ ఎక్కడి నుంచి వచ్చింది అక్కా?

బరంపురం అరుగు:
చెప్పాను కదా, టీ పొంగుతోంది. అంతదూరం ఆలోచించలేదు.

బల్లార్‌పూర్ రెండో షిఫ్టు:
మీరిద్దరూ మాట మీద పోట్లాడుకుంటున్నారు. నాకు తప్పు మాటలో కనిపించడం లేదు, గళ్ళలో కనిపిస్తోంది.

ఇంగ్లీషు గడిలో ఒక్కో గడిలో పట్టేది 26 అక్షరాల్లో ఒకటి. మనకు గడికొక గుణింతాక్షరం. హల్లులు 35 అనుకుని ఒక్కోదానికి 12 గుణింతాలు వేసుకున్నా 420 అవుతాయి. ఒత్తులు కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. అంటే తెలుగులో రెండు మాటలు కలిసే గడి బంగారం, ఆ ఒక్క అక్షరమే సగం జవాబు చెప్పేస్తుంది. ఏ మాటా దాటని గడి మాత్రం చీకటి గది. నాలుగైదు అక్షరాల మాటలో ఒక గడి అలా ఉంటే ఫరవాలేదు. రెండక్షరాల మాటలో ఒకటి చీకటిలో ఉంటే సగం మాట పోయినట్టే. ఇంగ్లండులో జిమెనీస్ అనే మారుపేరుతో గడులు కూర్చినాయన 1966లో నియమాల పుస్తకమే రాశాడు. ఎన్ని అక్షరాల మాటలో ఎన్ని గళ్ళు దాటకుండా వదలవచ్చో ఆయన పట్టించుకున్నాడు. రెండక్షరాల మాటల బాధ వాళ్ళకు లేదు, గడిలో వాటిని రానివ్వరు. మనకు అవి లేకుండా గడి నిండదు.

ఇంకొకటి. సగం చోటు అంటే ‘చో’ కావచ్చు, ‘టు’ కూడా కావచ్చు. మొదటి సగమో రెండో సగమో మాస్టారు చెప్పలేదు. ‘డ’ కూడా గాలిలోంచి ఊడిపడింది. ‘డప్పు మొదట్లో గుడి’ అన్నా ఒక దారి ఉండేది.

రాయగడ రైలుకట్ట:
మొదటి గడి దాటకుండా మిగిలింది నా తప్పే, ఒప్పుకుంటాను. నిలువు 3లో ‘కోరాపుట్టు’ పట్టించాలని చివరి నిమిషంలో ఒక నల్లగడి జరిపాను. ఆ మోజులో ఇది చూసుకోలేదు. ‘డ’ కూడా మొరటుగానే ఉంది. కానీ చోడిని వెనక్కి తీసుకోను.

పర్లాకిమిడి పాతబడి:
వెనక్కి తీసుకోవద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పుస్తకంలో ఉన్నదే తెలుగు, జనం నోట్లో ఉన్నది తప్పు అన్నవాళ్ళతో జీవితమంతా వాదించిన మనిషి. ఏజెన్సీలోని సవర గిరిజనుల దగ్గరకు వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చాక ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు, మేం ఇక్కడే ఉన్నాం. మా ఇళ్ళలో వాడే మాట గుంటూరు వంటింట్లో వినిపించలేదని గడిలోంచి గెంటేస్తారా? నిఘంటువే కొలబద్ద అంటారా, ఏ నిఘంటువు? 1852 నాటి బ్రౌన్‌లో లేవని బస్సునూ ఫోనునూ గడిలోకి రానివ్వకుండా ఉన్నామా?

బరంపురం అరుగు:
గుంటూరు వంటింటిని మధ్యలోకి లాగకండి బాబుగారూ. పంతులుగారు కోరింది శిష్ట వ్యావహారికం. చదువుకున్నవాళ్ళు అందరూ అర్థం చేసుకోగల మాట అనే కదా దాని అర్థం? నేను అడుగుతున్నదీ అదే. పలుకుబడిని తక్కువ చేయడం లేదు. అందరూ కలిసి ఆడే ఆటలో, పలికితే నలుగురికీ అందే మాట ఉండాలంటున్నాను. ఈ లెక్కన రేపు మాస్టారు ‘మాండియా’ కూడా పెడతారు, రాయగడ సంతలో తెలుగువాళ్ళూ అదే అంటారని.

రాయగడ రైలుకట్ట:
అంటారు. నిజం చెప్పాలంటే ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక ఆ మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. అయినా అది ఒడియా. గడిలో పెట్టాల్సి వస్తే ‘ఒడిశాలో’ అని ఆధారంలోనే చెబుతాను. చోడి అలా కాదు. అది తెలుగే. మన మాటకు కూడా ఊరు పేరు చీటీ కట్టాలా?

సిరోంచ నావ:
ఇంతసేపూ మాట్లాడకుండా చదివాను. ఇక మా ఒడ్డు మాట. సిరోంచ గడ్చిరోలి జిల్లాలో ఉంది, నది దాటితే ఎదురుగా కాళేశ్వరం. నేను చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరాలు అమ్మమ్మ నేర్పింది, మాటలు ఎక్కువగా ఇలాంటి గడుల్లోనే నేర్చుకున్నాను. అరుగు అక్కగారు అంటున్న ‘నలుగురికీ అందే మాట’ ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావడం మాకు కనిపిస్తుంది. గడిలో మొక్కజొన్న వస్తే అది తెలుగు. మక్కలు వస్తే ప్రాంతీయం. పచ్చడి అంటే ఎవరూ ఏమీ అనరు. కిందటేడు నేను కూర్చిన గడిలో ‘తొక్కు’ పెడితే, అది ‘తొక్క’కు అచ్చుతప్పా అని ముగ్గురు అడిగారు. వాళ్ళలో మాస్టారు కూడా ఉన్నారు.

జయపురం జామచెట్టు:
మాస్టారూ, జవాబు చెప్పండి.

రాయగడ రైలుకట్ట:
గుర్తుంది. ఆ రోజు కళ్ళద్దాలు లేవు.

జయపురం జామచెట్టు:
వాదన వేడెక్కింది కాబట్టి ఒక చల్లని కబురు. బల్లార్‌పూర్ అన్నయ్య చెప్పిన జిమెనీస్ కంటే ముందు ఇంగ్లండులో అబ్జర్వర్ పత్రికకు గడులు కూర్చినాయన టార్కెమాడా అని పేరు పెట్టుకున్నాడు. 1939లో ఆయన పోయాక వచ్చినాయనే జిమెనీస్. రెండూ స్పెయిన్‌లో ఒకప్పుడు జనాన్ని నిలదీసి హింస పెట్టిన మతవిచారణ అధికారుల పేర్లు. గడి కూర్చేవాడి స్వభావం వాళ్ళు పేరులోనే ఒప్పేసుకున్నారు. మనవాళ్ళు రైలుకట్ట అని సాధువైన పేరు పెట్టుకుని అదే పని చేస్తున్నారు.

బరంపురం అరుగు:
సరే, ఇంతమంది మీదపడ్డారు కాబట్టి నేనూ ఒకటి కూర్చాను. అదే ధాన్యం, కానీ అందరి మాటతో. ‘రాగాలు: నడుమ దీర్ఘం ఆపి కొమ్ము ఊదితే ధాన్యం (3)’.

బల్లార్‌పూర్ రెండో షిఫ్టు:
రాగాలులో నడిమి ‘గా’కు దీర్ఘం తీసి కొమ్ము ఇస్తే ‘గు’. రాగులు! సంగీతం కచేరీలా చదువుకోవచ్చు, గుణింతంలా విప్పుకోవచ్చు. దీర్ఘం, కొమ్ము, గుడి, తలకట్టు, సున్న. అక్షరాల మీది గుర్తులకే ఇలాంటి పేర్లు ఉండటం ఈ ఆట కోసమే అనిపిస్తుంది నాకు. అక్కా, దీన్ని పైన కట్టి పెట్టుకుంటాను.

రాయగడ రైలుకట్ట:
ఆధారం గొప్పగా ఉంది, కాదనలేను. కానీ చూడండి, ధాన్యం అనగానే రాగులు తట్టేస్తుంది. కొమ్ము ఊదేదాకా ఎవరు ఆగుతారు? తెలియని మాటను ఆధారం పట్టుకుని కట్టుకుంటూ పోయి, ఇలాంటి మాట ఉంటుందా అని సందేహిస్తూ రాసి, ఉందని తేలినప్పుడు వచ్చే ఆనందం వేరు. నేను అరిచి గీపెట్టేది దాని కోసమే.

సిరోంచ నావ:
అలాగయితే మాస్టారికి ఆ ఆనందం నేను ఇస్తాను. వచ్చే ఆదివారం గడి నాది. అందులోంచి ఒక నిలువు ఆధారం ముందే ఇస్తున్నాను: ‘తైలం తల పైన, తల లేని మొదలు కింద, విసిరి అంబలి కాచుకోండి (3)’.

పర్లాకిమిడి పాతబడి:
మళ్ళీ అంబలేనా!

బరంపురం అరుగు:
నాకు మూడు గళ్ళూ నిండాయి. వచ్చిన మాట నేనెప్పుడూ వినలేదు. చెప్పను, మాస్టారు చేయాలి.

రాయగడ రైలుకట్ట:
తైలం తల అంటే ‘తై’, అది పైన. మొదలుకు తల తీసేస్తే ‘దలు’, అది కింద. తైదలు. తమ్ముడూ, ఇలాంటి మాట నిజంగా ఉందా, ఆట పట్టిస్తున్నావా? ఇక్కడ వీధిలో ఇద్దరిని అడిగాను, తెలియదన్నారు. ఆ మొదటి గడిలో అడ్డంగా వచ్చే మాట ఏమిటో చెప్పు, సరిచూసుకుంటాను.

సిరోంచ నావ:
ఉంది మాస్టారూ. మా వైపు రాగులనే తైదలంటారు. అమ్మమ్మ వాళ్ళింట్లో డబ్బా నిండా ఉండేవి. మొదటి గడిని ఏ అడ్డం మాటా తాకదు.