మొదటి ప్రపంచయుద్ధపు గ్యాస్ ముసుగు: గుడ్డ సంచి పోయి రేకు పెట్టె ఎందుకు వచ్చింది?

ప్రశ్న (అడిగినవారు: చీకటిగది)

మా నాన్నగారికి ఫోటో స్టూడియో ఉండేది. ప్రింట్లను హైపో (బొమ్మ చెరిగిపోకుండా నిలిపే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం) తొట్టిలో ముంచి తీయడం నా చిన్నప్పటి పని. 1915లో బ్రిటిష్ సైనికులు విషవాయువు నుంచి కాపాడుకోవడానికి ముఖానికి కట్టుకున్న గుడ్డను తడిపింది కూడా ఆ హైపోతోనే అని ఈమధ్య చదివి ఆశ్చర్యపోయాను. నా సందేహాలు రెండు. మందులో తడిసిన గుడ్డ వాయువును ఎలా ఆపుతుంది? అది పనిచేసిందంటే, ఏడాది తిరిగేసరికి దాన్ని పక్కన పెట్టి, రొమ్ము మీద రేకు పెట్టె వేలాడదీసి, అక్కడి నుంచి నోటికి రబ్బరు గొట్టం పెట్టుకోవలసిన అవసరం ఎందుకు వచ్చింది? జర్మన్లు మాత్రం డబ్బాను నేరుగా ముఖానికే బిగించుకున్నారు కదా!

జవాబు 1 (రసాయనం మాస్టారు)

మీ మొదటి సందేహానికి జవాబు ఆ గుడ్డను తడిపిన ద్రావణంలోనే ఉంది. 1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటున వదిలారు. ఆ తరువాత బ్రిటన్ నుంచి వచ్చి పరిశీలించిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ కృషితో మే నెలలో నల్లటి వలగుడ్డలో దూది పొదిగిన పట్టీ తయారైంది. దాన్ని తడిపిన ద్రావణంలో హైపో, చాకలి సోడా, గ్లిజరిన్ ఉండేవి. హైపో క్లోరిన్‌తో కలిసి దాన్ని హానిలేని ఉప్పుగా మారుస్తుంది. ఆ చర్యలో పుట్టే ఆమ్లాన్ని సోడా విరిచేస్తుంది. గ్లిజరిన్ గుడ్డను ఆరిపోనివ్వదు. గుడ్డ ఎండిపోతే క్లోరిన్ దానిగుండా సాఫీగా లోపలికి పోతుంది కాబట్టి ఈ మూడో దినుసును చిన్నచూపు చూడకూడదు.

అయితే పట్టీ ఎంత బిగించినా బుగ్గల పక్కన సందు మిగిలేది. అందుకే న్యూఫౌండ్లాండ్ దళపు వైద్యాధికారి క్లూనీ మక్‌ఫర్సన్ తల మొత్తం కప్పే ఫ్లానెల్ సంచిని రూపొందించారు. అంచును చొక్కా కాలరు కిందికి దోపి గుండీలు పెట్టుకుంటే సందు అన్న మాటే ఉండదు. చూడడానికి ఒకే ఒక చిన్న కిటికీ ఉండేది.

తరువాతి భయం ఫాస్జీన్ అనే, క్లోరిన్ కన్నా ప్రమాదకరమైన విషవాయువు. దాని ముందు హైపో నిలవదు. అందుకని 1915 వేసవిలోనే సంచిని ఫాస్జీన్‌ను ఆపే సోడియం ఫినేట్ అనే రసాయనంలో ముంచడం మొదలుపెట్టారు. దాని క్షారానికి ఉన్ని ఫ్లానెల్ చివికిపోతుంది కాబట్టి నూలు ఫ్లానెలెట్ వాడారు. కళ్లకు రెండు గాజు బిళ్లలు, ఊపిరి వదలడానికి పళ్ల మధ్య పట్టుకునే కవాటపు గొట్టం అప్పుడే చేరాయి. 1916 మొదట్లో రష్యన్ల అనుభవాన్ని బట్టి, ఫాస్జీన్‌ను మరింత బాగా ఆపే హెక్సమీన్ అనే రసాయనాన్ని కూడా కలిపారు. ఈ మందు వాన నీటితోనో చెమటతోనో కారి కళ్లలో పడితే మంట, చర్మానికి తగిలితే పొక్కు. ఆ సంచిలో గంటల తరబడి నిలబడిన మనుషుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మన దేశపు లాహోర్ డివిజన్ ఈప్ర్‌లో యుద్ధానికి దిగింది ఏప్రిల్ 26న, అంటే ఈ పట్టీలు కూడా రాకముందు. విషవాయువు పీల్చి కూడా గాయపడినవారిని మోసుకొచ్చినందుకు జమాదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ లభించింది.

జవాబు 2 (ఎరువుల కర్మాగారంలో భద్రతా విభాగం, విశ్రాంత ఉద్యోగి)

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా రెండో సందేహానికి వస్తాను. గుడ్డలో పట్టే మందు ఇంతే. మరింత పట్టించాలని గుడ్డను మందం చేస్తే ఊపిరి ఆడదు. కొత్త వాయువు వచ్చిన ప్రతిసారీ గుడ్డకు కొత్త పూత వేస్తూ పోవడం ఎంతోకాలం సాగదు. అందుకే మందును ముఖం మీది నుంచి దించి వేరే పాత్రలో పెట్టారు. ఎడ్వర్డ్ హ్యారిసన్ అనే ఫార్మసిస్టు ఆధ్వర్యంలో మొదట పెద్ద పెట్టె, 1916లో చిన్న పెట్టె వచ్చాయి. పెట్టెలో బొగ్గు గుళికలు, వాటితోపాటు సున్నం, పర్మాంగనేట్ కలిపి చేసిన గుళికలు ఉండేవి. రెండోవాటి వెనుక ఆక్స్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్త బెర్ట్రమ్ లాంబర్ట్ కృషి ఉంది.

ఆ ముసుగులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దాని లోపలి అమరిక. రబ్బరు పూసిన గుడ్డ ముఖాన్ని కప్పుతుంది కానీ ఊపిరికి దానితో సంబంధం లేదు. ముక్కును స్ప్రింగు క్లిప్పుతో నొక్కేస్తారు, రబ్బరు నోటిముక్కను పళ్ల మధ్య బిగబట్టుకుంటారు, గాలి పెట్టె నుంచి గొట్టంగుండా నేరుగా నోటికి వస్తుంది. కాబట్టి ముఖం పక్కన కాస్త సందు ఏర్పడినా ఊపిరితిత్తులకు ప్రమాదం లేదు. మాట్లాడడం కుదరదు, ముక్కు నొప్పి పుడుతుంది, చొంగ కారుతుంది. అయినా రెండంచెల రక్షణ అంటే అదే. నా ఉద్యోగ కాలంలో అమోనియా లీకైనప్పుడు పట్టీ సరిగా బిగించని ముసుగుతో వాల్వు దగ్గరికి వెళ్లి, రెండు అడుగులకే వెనక్కి పరుగెత్తిన రోజు నాకు గుర్తుంది. ఆ నోటిముక్క విలువ నాకు అప్పుడు అర్థమయింది.

జర్మన్లు వేరే దారి పట్టారు. వారిది ముఖానికి గట్టిగా అతుక్కునే ముసుగు. 1915లో రబ్బరు గుడ్డతో చేశారు, రబ్బరుకు కరువొచ్చి 1917లో నూనె పట్టించిన తోలుకు మారారు. డబ్బాను మూతలా మరతో తిప్పి బిగిస్తారు కనుక మార్చడం క్షణాల పని. కానీ గడ్డం కింద వేలాడేది బరువుగా ఉండకూడదు కాబట్టి అందులో పట్టే మందు తక్కువ. పైగా వేరే కవాటం లేక, వదిలే ఊపిరి కూడా ఆ డబ్బాగుండానే బయటికి పోవాలి. నా మట్టుకు బ్రిటిష్ పెట్టే మెరుగైన ఆలోచన.

జవాబు 3 (కోనసీమ నుంచి)

బొగ్గు సంగతి నేను చెబుతాను. మా ఊళ్లో కొబ్బరి చిప్పలను గాలి ఆడని గుంటలో కాల్చి బొగ్గు చేస్తారు. చేత్తో పట్టుకుంటే కట్టెల బొగ్గులా చిట్లిపోదు, రాయిలా ఉంటుంది, కింద పడేస్తే ఖంగుమంటుంది. పెట్టెలో నింపిన బొగ్గు సైనికుడి నడకకు, పరుగుకు పొడి అయిపోతే గాలిదారి మూసుకుపోతుంది కాబట్టి ఈ గట్టిదనం చాలా ముఖ్యం. ఆ బొగ్గును బాగా ఎర్రగా కాల్చి ఆవిరి పట్టిస్తే లోపల కంటికి కనబడని రంధ్రాలు తెరుచుకుంటాయి, వాయువు వాటిలో చిక్కుకుంటుంది. అమెరికా యుద్ధంలోకి దిగాక కొబ్బరి చిప్పలు చాలక, 1918లో ప్రజలను పీచ్ పండ్ల టెంకలు, వాల్‌నట్ పెంకులు దాచి ఇమ్మని కోరింది. ఒక ముసుగుకు సరిపడా బొగ్గుకు సుమారు ఏడు పౌన్ల (మూడు కిలోలకు పైగా) పెంకులు కావాలని అప్పటి ప్రచారంలో చెప్పారు.

చీకటిగది

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క మాట మిగిలింది. కంటి గాజుల మీద ఊపిరి ఆవిరి పట్టదా?

జవాబు 2 రాసినవారు

పడుతుంది, అది పెద్ద బాధే. బ్రిటిష్ ముసుగులో మెత్తటి గుడ్డను బయటి నుంచి వేలితో లోపలికి నొక్కి గాజును తుడుచుకునేవారు. జర్మన్లు జెలటిన్ పూసిన పలుచని బిళ్లలను గాజు లోపల అమర్చారు. అసలైన పరిష్కారం ఫ్రెంచి శాస్త్రవేత్త టిసో చూపారు. పెట్టె నుంచి వచ్చే పొడిగాలిని ముందు గాజుల మీదుగా పారించి ఆ తరువాతే ముక్కుకు చేర్చారు. దానితో నోటిముక్క, ముక్కు క్లిప్పు కూడా అక్కర్లేకుండా పోయాయి. నేను ఉద్యోగంలో వాడిన పూర్తి ముఖపు ముసుగులో కూడా గాలి ముందుగా కళ్ల దగ్గరికే వచ్చేది.