అప్‌డేట్: మాంసం గిన్నెలో పాలు కాచిన సంగతి

న్యూజెర్సీలో నా యూదు రూమ్మేట్ మాంసం వండుకునే స్టీలు గిన్నెలో తెలియక పాలు కాచేశాను, ఏం చేయాలని పోయిన వారం అడిగాను కదా. టెన్షన్ పడినంత ఏమీ కాలేదు. అతను వాళ్ల రబ్బీని (యూదు మతగురువుని) అడిగాడు. గిన్నెను బాగా తోమి, 24 గంటలు వాడకుండా పక్కన పెట్టి, తర్వాత సలసల మరిగే నీళ్లలో నిండా ముంచి తీశాం. అదే మట్టిదైతే ఇలా కుదరదట, పారేయాల్సిందే.

మన మడి లాంటిదే అనుకున్నా గానీ, వాళ్ల ఆహార నియమాల్లో గొడవంతా మాంసం, పాలు కలవడం గురించి. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించవద్దని వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలో మూడుసార్లు ఉంది.

నిన్న అతని గిన్నెలోనే పప్పు చేశా. స్టవ్ మాత్రం అతనే వెలిగించాడు, అదీ ఒక నియమమే. అతని మొదటి ప్రశ్న: "తాలింపు నెయ్యితోనా, నూనెతోనా?" నెయ్యి పాల లెక్కలోకే వస్తుంది మరి! మళ్లీ గిన్నెలు కలిసిపోకుండా నా పాలగిన్నెకి ఇప్పుడు నీలం స్టిక్కర్ ఉంది.