‘షేక్’ అంటే ఊపడమా, వణకడమా?

సందేహం: ఒక ఇంగ్లీషు కథలో ‘హిజ్ హ్యాండ్స్ వర్ షేకింగ్’ అని వచ్చింది. ‘చేతులు ఊపుతున్నాడు’ అని రాసుకున్నాను. తర్వాతి పేరాలో చూస్తే పాపం అతను భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు. నిఘంటువులో ఊపు, ఊగు, కదుపు, వణుకు అన్నీ ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో ఎలా తెలుస్తుందండీ?

జవాబు: తప్పు నిఘంటువుది కాదు లెండి. తెలుగులో దానంతటది కదిలితే ఒక మాట, ఎవరైనా కదిపితే ఇంకో మాట. కొమ్మ ఊగింది, కొమ్మను ఊపాడు. ఇంగ్లీషులో రెండూ షేకే: ‘ది బ్రాంచ్ షుక్’, ‘హీ షుక్ ది బ్రాంచ్’. అందుకని ఆ క్రియ తర్వాత కర్మ ఉందేమో చూడండి. ఉంటే ఎవరో కదిపినట్టు. మీ వాక్యంలో లేదు, కాబట్టి చేతులు వాటంతటవే వణుకుతున్నాయి. (వీడ్కోలుకి చెయ్యి ఊపడం అయితే ‘వేవ్’.)

ఆ తర్వాత కదిలేది ఏమిటో చూడాలి. దుప్పటిని దులుపుతాం, మందు సీసాను కుదుపుతాం, తడి చేతులు విదిలిస్తాం. భూమి కంపిస్తుంది. వీటన్నిటికీ వాళ్లు షేక్‌తోనే సరిపెట్టుకుంటారు. చలికి వణకడానికి మాత్రం ‘షివర్’ అని వేరే మాట కూడా ఉంది.

రూపాలు షేక్, షుక్, షేకెన్. ‘షేక్డ్’ అని రాయకండి. ‘షీ వాజ్ షేకెన్ బై ది న్యూస్’ అంటే ఆ వార్తకు ఆమె మనసు చలించిపోయిందని. ఒళ్లు వణికిందనే కాదు.

ఇంకొకరు: తల సంగతి కూడా చెప్పాలి. ‘షుక్ హర్ హెడ్’ని ‘తల ఊపింది’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. మనకి తల ఊపడమంటే చాలాసార్లు సరే అనడం. అక్కడ అది కాదనడం, అంటే తల అడ్డంగా ఊపడం. సరే అనడానికి ‘నాడ్’ అంటారు. ఒకసారి నా అనువాదంలో, పెళ్లి వద్దన్న అమ్మాయి ఇలాగే ఒప్పేసుకుంది!

అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి ‘హీ గేవ్ మీ ఎ షేక్ హ్యాండ్’ అనొచ్చా?

జవాబు: తెలుగులో ‘షేక్ హ్యాండ్ ఇచ్చాడు’ అని నిక్షేపంగా అనండి, ఇంగ్లీషులో మాత్రం వద్దు. అక్కడ నామవాచకం ‘హ్యాండ్‌షేక్’. క్రియగా అయితే ‘హీ షుక్ హ్యాండ్స్ విత్ మీ’. ఇద్దరి చేతులు కాబట్టి బహువచనం. ‘హీ షుక్ మై హ్యాండ్’ అన్నా తప్పులేదు, అక్కడ మీ చెయ్యి ఒక్కటే కదా.

అడిగినవారు: అదే కథలో చివర్న ‘హీ షుక్ ఆఫ్ హిజ్ ఫియర్’ అని ఉంది. భయాన్ని దులిపాడా, విదిలించాడా?

జవాబు: వదిలించుకున్నాడు. ‘షేక్ ఆఫ్’ దుమ్ముకైతే దులుపుకోవడం, భయానికీ జలుబుకీ అయితే వదిలించుకోవడం.