బాక్సు పక్కనే ఉన్నా మా పిల్లి పరుపు మీదే పోస్తున్నాడు. ఇది కక్ష కాదా?

నాలుగో అంతస్తు:
మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్ మాది. బంటి నాలుగేళ్ల మగ పిల్లి. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇన్నాళ్లూ బుద్ధిగా లిట్టర్ బాక్సులోనే (లిట్టర్ అనే మట్టి పోసిన తొట్టి) వెళ్లేవాడు. మూడు వారాలుగా మా పరుపు మీద పాస్ పోస్తున్నాడు. అదీ సరిగ్గా మా ఆయన పడుకునే వైపు. దొడ్డికి మాత్రం బాక్సులోకే వెళ్తాడు. రెండు దుప్పట్లు, ఒక బొంత పారేశాను. ఫినాయిల్ పెట్టి తుడిచి తుడిచి చేతులు మండుతున్నాయి. మా అత్తయ్య "దానికి మీ మీద కక్ష" అంటున్నారు. కక్షా, జబ్బా? "ఓపిక పట్టండి" అని మాత్రం ఎవరూ చెప్పకండి.

ఇసుక బస్తా:
మావాడికి నా లాప్‌టాప్ బ్యాగు అంటే ఇష్టం. మీరు నయం.

మియావ్ అక్క:
నా దగ్గర ఆరు పిల్లులున్నాయి కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను. ముందు ఒకటి తేల్చుకోండి. నిలబడి, తోక వణికిస్తూ గోడకి చిమ్ముతున్నాడా? అయితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం. కూర్చుని పరుపు మీద మొత్తం ఖాళీ చేస్తున్నాడా? అయితే అది వేరు. బాక్సులో ఏదో నచ్చడం లేదు, లేదా పోసేటప్పుడు నొప్పి పుడుతోంది. నొప్పి పుట్టిన చోటే తప్పనుకుని, మెత్తటి చోటు వెతుక్కుంటాయి. కక్ష కట్టేంత తీరిక పిల్లులకు లేదు.

ఇక ఫినాయిల్. దయచేసి ఈ రోజే ఆపండి. అందులో ఉండే ఫినాల్ లాంటి వాటిని పిల్లి కాలేయం విరిచి బయటకి పంపలేదు. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయి, విషం లోపలికి పోతుంది. ఎంజైమ్ క్లీనర్ అని, పాస్ మరకనీ వాసననీ విరగ్గొట్టే ద్రవం దొరుకుతుంది, అది పోసి నానబెట్టండి. మన ముక్కుకి వాసన పోయినా వాడి ముక్కుకి పోదు. అక్కడే మళ్లీ పోస్తాడు.

పెరటి పిల్లి:
మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో పిల్లి లేని రోజు లేదు. ఒక్కదానికీ బాక్సు కొనలేదు. పొయ్యిలో బూడిద పెరట్లో పోసేవాళ్లం. అది వెళ్లి, గొయ్యి తీసుకుని, పని కానిచ్చి, కప్పెట్టుకుని వచ్చేది. నాలుగో అంతస్తులో తలుపులు బిగించి ప్లాస్టిక్ తొట్టిలో వెళ్లమంటే ఏం చేస్తుంది పాపం? కిందకి వదిలేయండమ్మా, దాని దారి అది చూసుకుంటుంది.

మియావ్ అక్క:
మియాపూర్‌లో మెయిన్ రోడ్డు మీదికి వదలమంటారా అండీ? మీ ఊళ్లో ఒక్కో పిల్లి ఎన్నేళ్లు బతికిందో ఎప్పుడైనా లెక్క పెట్టారా?

పెరటి పిల్లి:
ఆ లెక్కలు నాకెందుకు? బూడిద సంగతి చెప్పండి. బూడిదకేం తక్కువ?

రెండు గిన్నెలు:
బూడిదకేం తక్కువో అమెరికాలో ఎప్పుడో తేలిపోయింది బాబాయి గారూ. అక్కడా ఒకప్పుడు ఇళ్లలో పిల్లులకి ఇసుక, బూడిదే పెట్టేవాళ్లు. బూడిద పాదాలకంటి ఇల్లంతా నల్లటి అడుగులు పడుతున్నాయని మిషిగన్‌లో ఒకావిడ పక్కింటి ఎడ్వర్డ్ లోవ్‌తో మొర పెట్టుకుంటే, ఆయన ఒక రకం బంకమట్టి ఇచ్చి చూశాడు. అది 1947. లిట్టర్ వ్యాపారం అక్కడే మొదలైంది. ఆ మట్టి మన ముల్తానీ మట్టి జాతిదే. ఇప్పుడు మనం కొనే, తడిస్తే గడ్డకట్టే రకం బెంటొనైట్ అనే మట్టి, మన దేశంలో కచ్ దగ్గర తవ్వుతారు.

పెరటి పిల్లి:
వాళ్లకి బూడిద వాడటం రాలేదు. జల్లెడ పట్టాలి.

నాలుగో అంతస్తు:
గోడకి కాదు అక్కా, కూర్చునే పోస్తున్నాడు. ఒక సంగతి రాయడం మర్చిపోయాను. బాక్సు ముందు బాల్కనీలో ఉండేది. రెండు నెలల క్రితం అత్తయ్య వచ్చి తులసి కుండీ అక్కడ పెట్టుకున్నారు. అందుకని బాక్సుని వాషింగ్ మెషీన్ పక్కకి మార్చాం. వాసన వస్తోందంటే లావెండర్ వాసనున్న లిట్టర్ కూడా తెచ్చాను. పైన మూత కూడా పెట్టాం.

మియావ్ అక్క:
ఇది మొదట్లోనే రాయాలి కదండీ! చోటు మార్చారు, మట్టి మార్చారు, మూత పెట్టారు. పైగా వాడు లోపల కూర్చున్నప్పుడు పక్కన మెషీన్ స్పిన్ మొదలైతే ఎలా ఉంటుందో ఊహించండి. ఒక్కసారి అదిరిపడ్డా చాలు, ఆ చోటికి మళ్లీ పోడు. ఒక పిల్లికి రెండు బాక్సులు, రెండు పిల్లులకి మూడు, ఇదీ లెక్క. బాక్సు పొడవు వాడి ఒంటికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. వాసన లేని లిట్టర్ రెండు మూడు అంగుళాల లోతున పోయాలి. లావెండర్ మన ముక్కు కోసం, వాడి కోసం కాదు. రోజుకి రెండుసార్లు స్కూప్‌తో మురికి తీసేస్తున్నారా? ఎవరు చేస్తున్నారు?

నాలుగో అంతస్తు:
నేనే చేస్తాను. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చి, వంట చేసి, అప్పుడు. మీరు అన్నీ పిల్లి వైపు నుంచే చూస్తున్నారు. ఈ ఇంట్లో మనుషులు కూడా ఉన్నారండీ. రెండు గదుల ఇంట్లో రెండు బాక్సులు ఎక్కడ పెట్టను, దేవుడి గూట్లోనా?

ఇసుక బస్తా:
ఇప్పుడు అసలు థ్రెడ్ మొదలైంది.

పెరటి పిల్లి:
నేను మొదటే చెప్పాను. పిల్లి కోసం మనుషులు చోటు ఖాళీ చేయడం ఏమిటి? మా అబ్బాయి బెంగుళూరులో ఒకదాన్ని పెట్టుకున్నాడు. దాని మట్టికి నెలకి అయ్యే డబ్బుతో ఇక్కడ గేదెకి దాణా వస్తుంది. పోనీ అదీ ఊరుకున్నాను. మొన్న సంక్రాంతికి రాలేదు. "పిల్లిని ఎవరు చూస్తారు నాన్నా" అన్నాడు. వాళ్లమ్మ అరిసెలు వండి కొరియర్ చేసింది. పెరట్లో తిరిగే పిల్లి అయితే ఈ పాట్లు ఉండేవా?

మియావ్ అక్క:
మీ అబ్బాయి రాకపోతే బంటిని రోడ్డు మీదికి తోలమంటున్నారా? ఇదెక్కడి న్యాయం?

నేనెందుకు ఇంత గట్టిగా మాట్లాడుతున్నానో చెప్తాను. నా మొదటి పిల్లి కూడా మగదే. బాక్సులోకి వెళ్లి, కూర్చుని, ముక్కి, ఒట్టిగా బయటికి వచ్చేది. పది నిమిషాలకి మళ్లీ. మా ఇంట్లో అందరం మలబద్ధకం అనుకున్నాం. మా నాన్న "నాటకాలు" అన్నాడు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం దాకా ఆగాం. మూత్రనాళం మూసుకుపోయింది. మగ పిల్లులకి ఆ దారి చాలా సన్నగా ఉంటుంది. చుక్క రాకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణమే పోతుంది. పోయింది. "కక్ష", "నాటకం", "మొండితనం" అనే మాటలు వింటే నాకు ఆ సోమవారమే గుర్తొస్తుంది. అందుకని బాక్సు సంగతి తర్వాత. ముందు డాక్టరుకి చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి కూడా ఉంది.

రెండు గిన్నెలు:
రక్తం పడినా, చుక్క చుక్కగా పోసినా తెల్లారేదాకా ఆగకండి.

నాలుగో అంతస్తు:
అక్కా, సారీ. నేను కూడా నిజం చెప్తాను. కక్షా జబ్బా అన్నది నాకు పెద్ద అనుమానం కాదు. మా ఆయన ఈ నెలాఖరుకి బంటిని ఎవరికైనా ఇచ్చేయమన్నారు. బాక్సు బాల్కనీకి తిరిగి రావాలంటే తులసి కుండీ జరగాలి, ఆ మాట అత్తయ్యతో నేను అనలేను, ఆయన అనరు. పదిమంది రాసిన థ్రెడ్ చూపిస్తే ఆవిడే అర్థం చేసుకుంటారనుకున్నాను. ఇప్పుడిది ఎలా చూపించను, బాబాయి గారు వదిలేయమని నాలుగుసార్లు రాశారు.

పెరటి పిల్లి:
రెండుసార్లే. తులసి కోటని కదపమని మాత్రం నేను అనను. కానీ కుండీ పక్కన జానెడు చోటు ఉండదా అమ్మా? మా పెరట్లో తులసికీ బూడిద గుంటకీ మధ్య నాలుగు అడుగులు.

ఇసుక బస్తా:
బాల్కనీ కొలతలు పెట్టండి, మేం ప్లాన్ గీస్తాం.

నాలుగో అంతస్తు (ఐదు రోజుల తర్వాత):
డాక్టరుకి చూపించాం. పరీక్షల్లో ఇన్ఫెక్షన్ లేదు, రాళ్లు లేవు. కంగారు వల్ల మూత్రాశయం వాచిందట, పిల్లుల్లో ఇది మామూలేనట. నొప్పికి మందు ఇచ్చారు, తడి తిండి, నీళ్లు ఎక్కువ పెట్టమన్నారు. తులసి కదల్లేదు. బాక్సు మా పడకగదిలోకి వచ్చింది, మూత తీసేశాం, పాత రకం లిట్టరే పోశాం. మూడు రాత్రులు బాక్సులోనే. నిన్న మాత్రం బాత్రూమ్ ముందు పట్ట మీద పోశాడు. మా ఆయన ఇంకా ముక్కు మూసుకునే పడుకుంటున్నారు, కానీ నెలాఖరు మాట ఎత్తలేదు.

మియావ్ అక్క:
ఆ పట్ట ఉతకొద్దు, తీసేయండి. ఒక నెల గడవనివ్వండి.

పెరటి పిల్లి:
మా అబ్బాయికి ఈ థ్రెడ్ పంపాను. "నాన్నా, అక్కడా గొడవేనా" అన్నాడు. పరీక్షకి ఎంత తీసుకున్నారు?

ఇసుక బస్తా:
ఇంతకీ లాప్‌టాప్ బ్యాగుకి ఎంజైమ్ క్లీనర్ పోయొచ్చా?