ఏడాదిన్నరలో 1,400 కిలోమీటర్లే తిరిగిన మారుతి 800కి ఆయిల్ మార్చాలా?

తెనాలి 800:
మా నాన్నగారి మారుతి 800, 2005 మోడల్. ఆర్సీ రెన్యూవల్ రెండోసారి కూడా చేయించాం. రీడింగ్ 87,000. ఇంటి నుంచి మార్కెట్‌కి, అటునుంచి గుడికి, మళ్లీ ఇంటికి. ఆయన తిరిగేది అంతే, మొత్తం నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆయిల్ మార్చి ఏడాదిన్నర అయింది.

నిన్న ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలివైపు కాఫీ మీద మీగడలాంటి జిగురు. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు టకటకమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. మెకానిక్ ‘పదివేలు తిరగలేదుగా, ఇప్పుడే వద్దు. మార్చినా ఫిల్టర్ ఒకసారి వదిలి ఒకసారి వేస్తే చాలు’ అన్నాడు. మా బావ 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోయిస్తే చప్పుడు పోతుందంటాడు. నాన్నేమో ‘నడిచే బండి జోలికి పోకండ్రా’ అంటారు. ఎవరి మాట వినాలి?

డిపో తాత:
బాబూ, ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు బస్సుల కిందే బతికాను. మీది మూడు సిలిండర్ల బుల్లి ఇంజిన్, అయినా ఆయిల్ పాడయ్యే తీరు ఒకటే.

పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. కొంత పిస్టన్ రింగుల సందులోంచి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. బండి ఓ అరగంట, గంట ఆగకుండా పోతే ఆయిల్ బాగా కాగి ఆ తడి ఎగిరిపోతుంది. మీ నాన్నగారు రెండు కిలోమీటర్లకే ఆపేస్తున్నారు. తడి, మండని పెట్రోలు రెండూ అందులోనే ఉండిపోతాయి. మీరు చూసిన మీగడ చాలావరకు అదే. ముందు కూలెంట్ మాత్రం చూడండి. అది తగ్గుతూ ఉంటే, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి, అప్పుడు నా కబుర్లు ఆపి బండి గ్యారేజీకి తీసుకెళ్లండి.

ఇలా తిరిగే బండికి కిలోమీటర్లు కాదు, నెలలు లెక్క. నేనైతే ఆరు నెలలకోసారి మారుస్తాను. ఫిల్టర్ కూడా ప్రతిసారీ. పాతది ఉంచేసి కొత్త ఆయిల్ పోయడమంటే స్నానం చేసి విడిచిన బట్టలే కట్టుకోవడం. అది పూర్తిగా పూడుకుపోతే లోపలి బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే బేరింగులకు పోతుంది. డాష్‌బోర్డు మీద లైటు కూడా వెలగదు. ఆ టకటకకి కూడా ఫిల్టరే కారణం కావచ్చు. అందులో ఆయిల్ వెనక్కి దిగిపోకుండా ఆపే రబ్బరు వాల్వ్ ఉంటుంది. అది గట్టిపడితే పొద్దున్నే పైకి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది.

మాన్యువల్‌లో ఏ గ్రేడ్ ఉంటే అదే. చిక్కటి ఆయిల్‌తో చప్పుడు అణగొచ్చు, జబ్బు పోదు. ఇంజిన్ లోపల కడగడానికి ఫ్లష్ ద్రవం పోస్తామంటే వద్దనండి. పాత మడ్డి పెళ్లలుగా ఊడి చాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడిందంటే ఇంజిన్‌కే ఎసరు. ఫ్లష్ బదులు ఈ ఒక్కసారికి ఆరు నెలలు ఆగకుండా ముందే ఇంకోసారి మార్చండి.

ఇంకొక్క మాట. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు కూడా ఊడొచ్చిందో లేదో వేలితో తడిమి చూడండి. కొత్తలో నేనొకసారి చూడలేదు. రింగు మీద రింగు పడి, స్టార్ట్ చేయగానే నేలంతా ఆయిల్. ఫోర్‌మన్ ఆ రోజు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

డీజిల్ స్విఫ్ట్:
తాతగారూ, నా బండికి మార్చిన వారానికే ఆయిల్ నల్లగా అయింది. పాతదే వదిలేశారని గ్యారేజీలో గొడవ పడ్డాను. తప్పు నాదేనా?

డిపో తాత:
రంగు చూసి తేల్చలేం. డీజిల్ మసి తొందరగా నలుపు చేస్తుంది, మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనే. ఈసారి పక్కనే నిలబడి మార్పించుకోండి, గొడవే ఉండదు.

తెనాలి 800:
ఇవాళ మార్పించాం. కూలెంట్ తగ్గలేదు. ఇంజిన్ కాసేపు నడిపి, కొంచెం వేడిమీద బోల్ట్ విప్పితే రెండు లీటర్లే దిగింది, అదీ పెట్రోలు వాసన. తడిమి చూస్తే పాత రింగు నిజంగానే ఇంజిన్‌కే అతుక్కుని ఉంది! మెకానిక్ కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. బోల్ట్‌కి కొత్త వాషర్ వేయించాను. కొత్త ఆయిల్ రెండున్నర పోశాక డిప్‌స్టిక్ చూస్తూ కొంచెం కొంచెం పోయించాను.

పాత ఆయిల్ గ్యారేజీ డ్రమ్ములోనే పోశారు. నాన్న మాత్రం గేటు బందులకని చిన్న సీసాలో కొంచెం పట్టుకున్నారు. సాయంత్రం స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు, కానీ రాత్రంతా ఆగితేగానీ తెలియదు. నెలకు రెండుసార్లయినా బండిని దూరం తిప్పాలన్నాను. అమ్మ వెంటనే ‘అయితే ఆదివారం మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి’ అంది. నాన్న ఇంకా ఏమీ అనలేదు.