అప్‌డేట్: కొలిమి వేడెక్కకపోవడానికి కారణం దొరికింది

జీడిమెట్లలోని మా పింగాణీ కొలిమి 1,250 డిగ్రీలు అందుకోవడం లేదని, తప్పు వేడిని కొలిచే థర్మోకపుల్‌దేనా అని అడిగాను కదా. థర్మోకపుల్ నిక్షేపంలా ఉంది. వయసు మీరింది కరెంటుతో కొలిమిని వేడిచేసే సిలికాన్ కార్బైడ్ కడ్డీలకు. ఆ వేడిలో గాలి తగిలి కార్బైడ్ కొద్దికొద్దిగా సిలికాగా మారుతుంది, కరెంటుకు నిరోధం పెరుగుతుంది, అదే వోల్టేజీకి వేడి తగ్గుతుంది. బయటికి తీస్తే నడిమి భాగం బూడిద రంగు తిరిగి, గరుకుగా తగిలింది.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి, వోల్టేజీ పెంచి కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఒక కడ్డీ విరిగాక, అదొక్కటే మార్చమన్నాడు దుకాణదారు. అమ్మేవాడికేం! వరుసగా కలిపిన వాటిలో నిరోధం ఎక్కువున్న పాత కడ్డీలే ఎక్కువ భారం మోసి, ఇంకా త్వరగా పాడవుతాయి. అందుకే సెట్టంతా మార్చాం.

వీటి బదులు మాలిబ్డినం డైసిలిసైడ్ కడ్డీలు వాడమన్నారు కొందరు. అది 1,700 డిగ్రీలకు తగిన సరుకు. మా గిన్నెలకు అంత అవసరం లేదు.