'గోప్యంబు దాచు' అంటే తప్పు కూడా దాచమనా?

అడిగినవారు: గోదారి గట్టు

అందరికీ నమస్కారం. స్కూల్లో పద్యాల పోటీ ఉందని మా అమ్మాయి వారం రోజులుగా ఇది బట్టీ పెడుతోంది:

అఘమువలన మరల్చు, హితార్థకలితుఁ
జేయు, గోప్యంబు దాఁచుఁ, బోషించు గుణము,
విడువఁ డాపన్ను, లేవడివేళ నిచ్చు,
మిత్రుఁ డీలక్షణంబుల మెలఁగుచుండు.

ఏనుగు లక్ష్మణకవి గారిది, భర్తృహరి శ్లోకానికి తెలుగు. నేను చదివింది బీకాం, పద్యాలు అంతంతమాత్రం. నిన్న రాత్రి అన్నం తింటూ అడిగింది: "నాన్నా, మొదట పాపం నుంచి తప్పించమన్నాడు, వెంటనే రహస్యం దాచమన్నాడు. ఫ్రెండు చేసే పాపమే రహస్యమైతే?" ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఎందుకంటే నాకు అలాంటివాడు ఒకడున్నాడు. ఒకే సైకిలు మీద హైస్కూలుకి వెళ్ళాం. ఇంటర్లో ఉండగా కొట్టాయన పొరపాటున నాకు యాభై ఎక్కువిస్తే, మండుటెండలో సైకిలు వెనక్కి తిప్పించి నా చేతే ఇప్పించాడు. ఇప్పుడు వాడు ధాన్యం కొంటాడు. బస్తా 75 కిలోలు. తేమకనీ, గోనెకనీ ఎంతో కొంత తరుగు తీయడం అందరూ చేసేదే, వీడు దానిమీద ఇంకో కిలోన్నర లాగుతున్నాడు. సీజన్లో రాత్రిళ్ళు వాడి లెక్కలు రాసేది నేనే. రెండో పుస్తకం ఉందని మొన్న దాళ్వాలో తెలిసింది. "నీ దగ్గర దాపరికం ఏంట్రా" అని వాడే నా ముందు పెట్టాడు.

ఆ గోప్యం ఈ గోప్యమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: పాత పంతులమ్మ

ముందు మీ అమ్మాయి విరుపు చూడండి బాబూ. పిల్లలు 'విడువ... డాపన్ను' అని చదివేస్తారు, అదేదో డాపన్ను అనే వస్తువున్నట్టు. విడువఁడు, ఆపన్నున్. ఆపదలో పడ్డవాణ్ణి వదలడు అని. ముప్పై ఏళ్ళు ఇదే దిద్దాను.

ఇక మీ సందేహం. మూలంలో 'గుహ్యం నిగూహతి, గుణాన్ ప్రకటీకరోతి' అని పక్కపక్కనే ఉంది. దాచవలసింది దాచి, మంచి గుణాలు పదిమందికీ చెబుతాడని. ఆ జంటను బట్టి చూస్తే గుహ్యం అంటే బయటపడితే మనిషి చిన్నబోయే సంగతి. ఇంటి గొడవ, అప్పు, జబ్బు. లక్ష్మణకవి రెండోదాన్ని 'పోషించు గుణము' అన్నాడు. చాటడం పోయి పెంచడం వచ్చింది. నాకైతే మూలం కన్నా ఇదే నచ్చుతుంది. ఆ యాభై రూపాయల కుర్రాడి సంగతి మీకు తప్ప ఎవరికి గుర్తుంది?

అమ్మాయికి కర్ణుడి కథ చెప్పండి. తన పుట్టుక ధర్మరాజుకు చెప్పొద్దని కృష్ణుణ్ణి అడిగాడు, అది గోప్యం. లక్కయిల్లు సంగతి గోప్యం కాదు, అఘం. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు, 'లేవడివేళ నిచ్చు', అంటే లేనివేళ ఇవ్వడం, సరిపోయింది. కర్ణుడు చివరిదాకా వదల్లేదు, 'విడువఁ డాపన్ను' కూడా సరిపోయింది. పద్యంలో మొట్టమొదటి మాట దగ్గరే ఇద్దరూ తప్పారు.

జవాబు: ముక్కుసూటి

పంతులమ్మగారి అర్థం బాగుంది. కానీ అన్నా, నువ్వు అడగాల్సింది అది కాదు. రెండో పుస్తకంలో చేతిరాత ఎవరిది? నీదే అయితే దాచడం దాకా ఎందుకు, నువ్వూ అందులో ఉన్నట్టే. మా నాన్న ఎకరం కౌలు రైతు. వంద బస్తాలకి కిలోన్నర చొప్పున ఎంతో కామర్స్ చదివినవాడివి నువ్వే లెక్కెయ్యి. రెండు బస్తాలు! స్నేహం గురించి పద్యం చదువుకునే తీరిక ఆయనకి లేదు.

జవాబు: పాత పంతులమ్మ

కోపం న్యాయమైనదే నాయనా. అయినా ఆయన ఇక్కడికొచ్చి అడిగాడు కదా, అదీ చూడు.

గోదారి గట్టు:

ముక్కుసూటి తమ్ముడూ, చేతిరాత నాదే. మొదటిసారి రాసేటప్పుడు రాయొద్దనుకునే రాశాను.

నిన్న వెళ్ళాను. కాటా దగ్గర హమాలీలున్నారు, వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. రెండోది ఇక నేను రాయనన్నాను. ఆ కిలోన్నర మానెయ్యమని కూడా అన్నాను, అది మాత్రం గట్టిగా అనలేకపోయాను, టెన్షన్‌కి గొంతు పూడుకుపోయింది. వాడు నవ్వి, "సరేలేరా, కుర్రాణ్ణి ఎవణ్ణైనా పెట్టుకుంటాలే" అన్నాడు. సైకిలు సంగతి ఎత్తితే నవ్వు ఆగింది. కాసేపటికి "కొట్టాయన పోయాడు తెలుసా" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

మొదటి పుస్తకం నా దగ్గరే ఉంది. శనివారం లెక్కకి ఎప్పట్లాగే వెళ్తాను. పోటీ ఆదివారం. అమ్మాయి ఇప్పుడు 'విడువఁడు' దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని మరీ 'ఆపన్నున్' అంటోంది. గణాలు చెడతాయేమో పంతులమ్మగారూ, అలా చదవొచ్చా?